రీబూట్ కమాండ్‌కి 'ట్రూ' వచ్చినంత మాత్రాన సర్వర్ లేచినట్టు కాదు

ఫోన్ హ్యాంగ్ అయితే ఏం చేస్తాం? రీస్టార్ట్ కొడతాం. వైఫై రూటర్ మొరాయిస్తే? స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేస్తాం. సెటాప్ బాక్స్‌కీ అదే మందు. ఇప్పుడైతే ఫోన్లు మనల్ని అడక్కుండానే ఆ పని చేసుకుంటున్నాయి. ఐఓఎస్ 18.1 నుంచి ఐఫోన్‌ని మూడు రోజుల పాటు అన్‌లాక్ చేయకపోతే తనంతట తానే రీబూట్ అవుతోంది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్‌తో ఆండ్రాయిడ్‌కీ ఇలాంటి సెక్యూరిటీ ఫీచర్ వచ్చింది.

రీస్టార్ట్ మీద మనకి అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తప్పు పట్టను. నా గొడవ వేరే చోట ఉంది. ఇదే అలవాటుని మనం క్లౌడ్‌లోకి కూడా పట్టుకెళ్తున్నాం. అక్కడ నొక్కడానికి బటన్ ఉండదు, పైథాన్‌లో ఒక లైన్ ఉంటుంది. దాన్ని ఒక లూప్‌లో పెడితే ఒకటి కాదు, వంద సర్వర్లు ఒకేసారి రీస్టార్ట్ అవుతాయి. ఇంత పవర్ ఉన్న లైన్‌ని మనం రాయాల్సినంత భయభక్తులతో రాయట్లేదన్నది నా అభిప్రాయం.

గాడ్జెట్ సైట్‌లో ఈ సర్వర్ల గోల ఎందుకంటారా? మీ ఫోన్‌లో ఆన్‌లైన్‌లో పనిచేసే ఏ యాప్ తీసుకున్నా వెనకాల ఎక్కడో సర్వర్లు ఉంటాయి. యాప్ 'సర్వర్ ఎర్రర్' అన్నప్పుడల్లా ఫోన్‌ని తిట్టుకుంటాం కానీ తప్పు చాలాసార్లు అటువైపే ఉంటుంది. పైగా మన పాఠకుల్లో డెవాప్స్ నేర్చుకుంటున్నవాళ్లు, నైట్ షిఫ్ట్‌లో క్లౌడ్ సపోర్ట్ చూస్తున్నవాళ్లు తక్కువేం కాదు. 2022 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్ కూడా మొదలైంది. అంటే ఆ సర్వర్లు ఇప్పుడు మన ఊరి పక్కనే ఉన్నాయి.

ముందు బేసిక్స్

క్లౌడ్‌లో మనం అద్దెకి తీసుకునే కంప్యూటర్‌ని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. అమెజాన్ దాన్ని ఇన్‌స్టెన్స్ అంటుంది. డిజిటల్ఓషన్ డ్రాప్లెట్ అంటుంది. అజూర్ వర్చువల్ మెషిన్ అంటుంది. అన్నీ ఒకటే. వాటిని వెబ్‌సైట్‌లోకి వెళ్లి క్లిక్ చేసి నడపొచ్చు, లేదా కోడ్ రాసి నడపొచ్చు. కోడ్ రాసేవాళ్ల కోసం లైబ్రరీలు ఉన్నాయి. అమెజాన్‌కి పైథాన్‌లో బోటో3 ఉంది. మిగతా కంపెనీలకీ ఎవరిది వాళ్లకి ఉంది.

వీటన్నిటికీ ఒకే భాష ఉంటే బాగుంటుందన్న ఆలోచనతో 2009లో క్లౌడ్‌కిక్ అనే కంపెనీ లిబ్‌క్లౌడ్ అనే పైథాన్ లైబ్రరీ మొదలుపెట్టింది. అదే ఏడాది అది అపాచీ ఫౌండేషన్ గూటికి చేరింది. 2011లో అపాచీలో టాప్ లెవెల్ ప్రాజెక్ట్ అయింది. ఇందులో కంప్యూటర్ పేరు 'నోడ్'. నోడ్ల జాబితా తీయడానికి ఒక మెథడ్, కొత్తది సృష్టించడానికి ఒకటి, రీబూట్ చేయడానికి 'రీబూట్ నోడ్', మొత్తంగా తీసి పారేయడానికి 'డిస్ట్రాయ్ నోడ్'. డ్రైవర్ మారిస్తే చాలు, అదే కోడ్ ఇంకో కంపెనీ క్లౌడ్ మీద పనిచేస్తుంది. మంచి ఐడియా. నాకు ఇష్టమైన లైబ్రరీ కూడా.

కానీ ఆ 'రీబూట్ నోడ్' దగ్గర నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి.

మొదటిది: ట్రూ అంటే అర్థం ఏంటి?

లిబ్‌క్లౌడ్ డాక్యుమెంటేషన్‌లో ఈ మెథడ్ గురించి ఉన్నది సింపుల్‌గా ఇదీ: రీబూట్ సక్సెస్ అయితే ట్రూ వస్తుంది, లేకపోతే ఫాల్స్ వస్తుంది. చదవగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? సర్వర్ ఆగింది, మళ్లీ లేచింది, పని చేస్తోంది, అందుకే ట్రూ వచ్చింది అనిపిస్తుంది.

లోపల జరిగేది అది కాదు. ఓపెన్‌స్టాక్ డ్రైవర్ సంగతే తీసుకోండి. సర్వర్ వైపు నుంచి హెచ్‌టీటీపీ 202 వచ్చిందా లేదా అని చూసి ట్రూ ఇచ్చేస్తుంది. 202 అంటే 'మీ రిక్వెస్ట్ అందింది, పని ఇంకా పూర్తి కాలేదు' అని. ఆఫీసులో అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు చూశారూ, అదన్నమాట. రసీదు చేతికొస్తే పని అయినట్టు కాదు కదా.

అమెజాన్ ఈ విషయం దాచుకోలేదు. ఈసీ2 రీబూట్ కమాండ్ కేవలం రిక్వెస్ట్‌ని క్యూలో పెడుతుందని, ఇన్‌స్టెన్స్ మీదే అయి ఐడీ సరిగ్గా ఉంటే ఆ కాల్ సక్సెస్ అవుతుందని స్పష్టంగా రాసి పెట్టింది. కానీ కోడ్ రాసేటప్పుడు ఆ పేరా ఎంతమంది చదువుతారు? ట్రూ వచ్చింది, ఎర్రర్ రాలేదు, 'రీస్టార్ట్ డన్' అని టీమ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టేస్తారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. చాలామంది రీబూట్ కొట్టిన వెంటనే 'రన్నింగ్ అయ్యేదాకా ఆగు' అనే ఫంక్షన్ పిలుస్తారు. లిబ్‌క్లౌడ్‌లో పది నిమిషాల డిఫాల్ట్ టైమౌట్‌తో అలాంటిది ఉంది, బోటో3లోనూ ఉంది. లాజిక్ బాగానే కనిపిస్తుంది. అయితే ఈసీ2లో రీబూట్ జరుగుతున్నంతసేపూ స్టేటస్ 'రన్నింగ్' అనే ఉంటుంది. అంటే ఆ ఫంక్షన్ ఒక్క క్షణం కూడా ఆగకుండా 'అయిపోయింది' అని తిరిగొచ్చేస్తుంది. మీ స్క్రిప్ట్ ఆనందంగా తర్వాతి నోడ్‌కి వెళ్తుంది. మొదటి నోడ్ ఇంకా పడుకునే ఉంటుంది.

రెండోది: పేరు ఒకటే, పనులు వేరు

మీ ఫోన్‌లో రీస్టార్ట్ రెండు రకాలు. మెనూలో రీస్టార్ట్ ఎంచుకుంటే యాప్‌లన్నిటికీ 'సర్దుకోండి' అని చెప్పి, ఆ తర్వాత ఆపుతుంది. ఫోన్ పూర్తిగా బిగుసుకుపోతే పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి గట్టిగా పట్టుకుంటాం. అప్పుడు ఎవరికీ చెప్పకుండా పీక నొక్కేస్తుంది. సేవ్ కానిది పోయినట్టే. సర్వర్లలో కూడా అంతే, సాఫ్ట్ రీబూట్, హార్డ్ రీబూట్ అని రెండు.

ఇప్పుడు చూడండి. అమెజాన్‌లో రీబూట్ అంటే ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కి మర్యాదగా చెప్తుంది, కొద్ది నిమిషాల్లో అది ఆగకపోతే హార్డ్ రీబూట్ చేస్తుంది. ఓపెన్‌స్టాక్‌లో సాఫ్ట్ కావాలా, హార్డ్ కావాలా అన్నది రిక్వెస్ట్‌లోనే చెప్పాలి. డిజిటల్ఓషన్‌లో రీబూట్ వేరు, పవర్ సైకిల్ వేరు. గూగుల్ కంప్యూట్ ఇంజిన్ విషయానికొస్తే, లిబ్‌క్లౌడ్ 'రీబూట్ నోడ్' అక్కడ పిలిచేది 'రీసెట్' అనే ఆపరేషన్‌ని. రీసెట్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఏమీ చెప్పకుండా డైరెక్ట్‌గా రీసెట్ బటన్ నొక్కడమే.

అంటే ఒకే లైన్ కోడ్ ఒక క్లౌడ్‌లో తలుపు తట్టి పిలుస్తుంది, ఇంకో క్లౌడ్‌లో తలుపు బద్దలు కొడుతుంది. 'డ్రైవర్ మార్చండి చాలు' అని చెప్పే లైబ్రరీలో ఇది చిన్న తేడా కాదు. లినక్స్ ఫైళ్లలో రాసింది వెంటనే డిస్క్ మీదకి వెళ్లదు, కాసేపు మెమరీలో ఉంటుంది. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో దాదాపు అర నిమిషం దాకా అలా ఉండొచ్చు. మంచి డేటాబేస్‌లు లాగ్ రాసుకుని జాగ్రత్త పడతాయి కాబట్టి బతికిపోతాయి. కానీ మీ సొంత కోడ్ ఒక ఫైల్‌లో ఆర్డర్లు రాస్తుంటే ఆ అర నిమిషం ఆర్డర్లు ఎవరివి? వాటికి డబ్బు కట్టినవాళ్లకి ఏం సమాధానం చెప్తారు?

స్టాప్ చేసి స్టార్ట్ చేయడం మళ్లీ మూడో రకం. రీబూట్‌లో ఇన్‌స్టెన్స్ అదే ఐపీతో లేస్తుంది. స్టాప్-స్టార్ట్ అయితే అమెజాన్‌లో సాధారణంగా వేరే ఫిజికల్ మెషిన్ మీదకి మారుతుంది. ఎలాస్టిక్ ఐపీ పెట్టుకోకపోతే పబ్లిక్ ఐపీ మారిపోతుంది, ఇన్‌స్టెన్స్ స్టోర్‌లో ఉన్న డేటా పోతుంది. కింద ఉన్న హార్డ్‌వేరే పాడైతే మాత్రం రీబూట్ ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు, స్టాప్-స్టార్టే మందు. ఏ జబ్బుకి ఏ మందో తెలియకుండా అన్నిటికీ ఒకే లైన్ రాసేస్తే ఎలా?

ఒక్క కమాండ్ ఎంత పని చేస్తుందో తెలుసా?

2014 మే 27న అమెరికాలోని జాయెంట్ అనే క్లౌడ్ కంపెనీలో జరిగిన ఘటన ఈ రంగంలో ఉన్నవాళ్లు మర్చిపోకూడనిది. తర్వాత 2016లో శాంసంగ్ కొనుక్కున్న కంపెనీ ఇదే. ఒక ఆపరేటర్ కొన్ని మెషిన్లని అప్‌డేట్ చేయబోయి కమాండ్ తప్పుగా ఇచ్చాడు. ఆ డేటా సెంటర్‌లోని కంప్యూట్ నోడ్లన్నీ ఒకేసారి రీబూట్ అయ్యాయి. అన్నీ కలిసి ఒకేసారి నెట్‌వర్క్ మీద నుంచి బూట్ అవ్వాలని చూసేసరికి ఆ రద్దీలో లేవడం ఇంకా ఆలస్యం అయింది.

నాకు నచ్చింది ఆ తర్వాత కంపెనీ చెప్పిన మాట. తప్పు ఆపరేటర్‌దే అయినా, ఇన్‌పుట్‌ని సరిగ్గా చెక్ చేయకుండా మొత్తం డేటా సెంటర్‌ని రీబూట్ చేయనిచ్చిన టూల్‌ని బాగు చేయాలన్నారు. నా వాదన కూడా అదే. మనిషి పొరపాటు చేస్తాడు, అది ఖాయం. ఆ పొరపాటు ఒక సర్వర్ దగ్గర ఆగుతుందా, వంద సర్వర్లు తీసుకుపోతుందా అన్నది కోడ్ రాసినవాళ్ల చేతిలో ఉంటుంది.

సీపీయూ పెరిగితే రీబూట్ అట!

ఇది పెద్ద కంపెనీల కథే కాదు. నాకు తెలిసిన ఒక చిన్న సంస్థ ఆన్‌లైన్ మాక్ టెస్టులు నడుపుతుంది. వాళ్ల దగ్గర మూడు నోడ్లు ఉన్నాయి. సీపీయూ తొంభై శాతం దాటి ఐదు నిమిషాలు ఉంటే ఆ నోడ్‌ని రీబూట్ చేసే స్క్రిప్ట్ ఒకటి పెట్టారు. నెలల తరబడి బాగానే నడిచింది. పెద్ద పరీక్షకి ముందు ఆదివారం పిల్లలందరూ ఒకేసారి లాగిన్ అయ్యారు. సీపీయూ పెరిగింది. స్క్రిప్ట్ మొదటి నోడ్‌ని రీబూట్ చేసింది. దాని లోడ్ మిగతా రెండింటి మీద పడింది. అవీ తొంభై దాటాయి. వాటినీ రీబూట్ చేసింది. మొదటిది లేచేసరికి అందరూ దాని మీద పడ్డారు. మళ్లీ రీబూట్. అలా గంటకి పైగా నడిచింది. టెస్ట్ రాస్తూ రాస్తూ మధ్యలో తెల్ల స్క్రీన్ చూసిన పిల్లలు 'నా ఫోన్ పాడైందేమో' అనుకున్నారు.

సీపీయూ పెరగడం అక్కడ జబ్బు కాదు. కస్టమర్లు రావడం! షాపులో జనం ఎక్కువయ్యారని షట్టర్ దించినట్టుంది ఆ స్క్రిప్ట్ పని. రాసిన కుర్రాడిని నేను తప్పు పట్టను, లైబ్రరీ ఇచ్చిన ఉదాహరణ అంత తేలిగ్గా ఉంటే ఎవరైనా అలాగే రాస్తారు.

ఇదే పనిని కుబర్నెటీస్ ఎలా చేస్తుందో చూడండి. కంటైనర్ పడిపోతే రీస్టార్ట్ చేస్తుంది. మళ్లీ పడితే 10 సెకన్లు ఆగుతుంది, ఆ తర్వాత 20, ఆ తర్వాత 40, అలా డిఫాల్ట్‌గా 5 నిమిషాల దాకా గ్యాప్ పెంచుకుంటూ పోతుంది. 'ఇది రీస్టార్ట్‌తో తగ్గే జబ్బు కాదేమో' అన్న అనుమానం దాని డిజైన్‌లోనే ఉంది. మనం రాసే పది లైన్ల స్క్రిప్టుల్లో లేనిది ఆ అనుమానమే.

మరి రీస్టార్ట్ చేయడమే తప్పా?

కాదు. అవతలి వాదన కూడా బలమైనదే, చెప్పాలి. 2003లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జార్జ్ కాండియా, ఆర్మండో ఫాక్స్ 'క్రాష్ ఓన్లీ సాఫ్ట్‌వేర్' అనే ఆలోచన ముందుకు తెచ్చారు. సాఫ్ట్‌వేర్‌ని ఆపాలంటే క్రాష్ చేయడం, మొదలుపెట్టాలంటే రికవరీ, అంతే ఉండాలి అన్నారు. ఎప్పుడు కరెంటు తీసేసినా తట్టుకునేలా రాస్తే సాఫ్ట్, హార్డ్ అన్న గొడవే ఉండదు. నేను ఒప్పుకుంటాను. కానీ మన చుట్టూ ఉన్న చిన్న సంస్థల్లో వెబ్‌సైట్, డేటాబేస్, రాత్రి పూట నడిచే రిపోర్టులు, అప్‌లోడ్ చేసిన ఫోటోలు అన్నీ ఒకే నోడ్‌లో కాపురం చేస్తుంటాయి. ఆ ఇంటికి ఈ సిద్ధాంతం ఇంకా చేరలేదు.

రీస్టార్ట్ చేయకపోవడం కూడా ప్రమాదమే. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 పడిపోయింది గుర్తుందా? ఒక కమాండ్‌లో ఇన్‌పుట్ తప్పు పడి అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. వాటితో నడిచే కీలకమైన సిస్టమ్స్‌ని పూర్తిగా రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది. పెద్ద రీజియన్లలో వాటిని ఏళ్ల తరబడి పూర్తిగా రీస్టార్ట్ చేయలేదని, అందుకే అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ పట్టిందని అమెజానే చెప్పింది.

ఇక 2024 జూలై 19 క్రౌడ్‌స్ట్రైక్ ఘటన. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషిన్లు దెబ్బతిన్నాయి. అప్పుడు అజూర్ కస్టమర్లకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సలహాల్లో ఒకటి: మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేయండి, కొందరికి 15 సార్ల దాకా పట్టింది. వందల మెషిన్లు ఉన్నవాళ్లు వాటిని చేత్తో క్లిక్ చేయగలరా? అలాంటి రోజు లైబ్రరీ దేవుడే.

కాబట్టి రీస్టార్ట్ మందే. కానీ మందు వేసుకున్నాక జ్వరం తగ్గిందా లేదా చూడాలి, రోజూ వేసుకోవాల్సి వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బోయింగ్ 787 విమానం కరెంటు 248 రోజులు ఆపకుండా ఉంటే జనరేటర్ కంట్రోల్ యూనిట్లు ఆగిపోయే ప్రమాదం ఉందని 2015లో తేలింది. అప్పుడు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ గడువులోగా పవర్ ఆపి వేయమంది. అయితే దాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేసేదాకా తాత్కాలిక ఏర్పాటుగానే చెప్పింది. మన సర్వర్లలో మాత్రం 'రాత్రి రెండింటికి రీబూట్' అనే తాత్కాలిక ఏర్పాటు అది పెట్టినవాడు ఉద్యోగం మారినా అలాగే నడుస్తుంటుంది. మెమరీ ఎక్కడ లీక్ అవుతోందో ఎవరూ చూడరు, ఎందుకంటే తెల్లారేసరికి సాక్ష్యం ఉండదు.

నేను అడిగేది ఇంతే

మీ దగ్గర ఇలాంటి స్క్రిప్ట్ ఉంటే ఈ ఏడు విషయాలు ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

1. రీబూట్‌కి ముందు లాగ్స్, కన్సోల్ అవుట్‌పుట్ బయట ఎక్కడైనా సేవ్ చేయండి. కారణం దొరికేది అక్కడే.

2. నోడ్‌ని ముందు లోడ్ బ్యాలెన్సర్ నుంచి తీయండి. నడుస్తున్న రిక్వెస్టులు పూర్తవ్వనివ్వండి.

3. ఒక్కో నోడ్ చొప్పున చేయండి. మొదటిది ఆరోగ్యంగా లేచాకే రెండోది.

4. ముందు సాఫ్ట్. ఆగకపోతేనే హార్డ్. మీ క్లౌడ్‌లో ఆ మెథడ్ ఏది చేస్తుందో డ్రైవర్ కోడ్ తెరిచి చూడండి, పేరు చూసి నమ్మొద్దు.

5. ట్రూని నమ్మొద్దు. లినక్స్ ప్రతిసారి బూట్ అయినప్పుడు కొత్త బూట్ ఐడీ తయారు చేస్తుంది. ముందు ఒకటి చదివి పెట్టుకుని, తర్వాత మళ్లీ చదవండి. మారితేనే రీబూట్ జరిగినట్టు. ఆ తర్వాత మీ యాప్ హెల్త్ చెక్ కూడా పాస్ అవ్వాలి.

6. లిమిట్ పెట్టండి. గంటలో రెండుసార్లు దాటితే స్క్రిప్ట్ ఆగిపోయి మనిషిని లేపాలి.

7. ఆ స్క్రిప్ట్ వాడే కీకి రీబూట్ పర్మిషన్ మాత్రమే ఇవ్వండి. అమెజాన్‌లో రీబూట్ పర్మిషన్ వేరు, టెర్మినేట్ పర్మిషన్ వేరు. ట్యాగ్ ఉన్న నోడ్లకే పరిమితం చేయొచ్చు. అసలు రీబూట్ చేయకుండా పర్మిషన్ ఉందో లేదో చూసుకోవడానికి డ్రై రన్ ఆప్షన్ కూడా ఉంది.

ఇవి రాస్తే ఒక్క లైన్ కోడ్ నలభై లైన్లు అవుతుంది. అవ్వనివ్వండి.

లైబ్రరీలు తయారు చేసేవాళ్లకీ ఒక మాట. రిక్వెస్ట్ మాత్రమే పంపే మెథడ్ పేరులోనే ఆ సంగతి తెలియాలి. 'సక్సెస్' అనే మాట డాక్యుమెంటేషన్‌లో ఎక్కడ రాస్తున్నారో ఒకసారి ఆలోచించాలి. సాఫ్టా, హార్డా అన్నది ఆప్షన్‌గా కాదు, తప్పనిసరిగా అడగాలి. చెప్పకపోతే కోడ్ నడవకూడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి ఉదాహరణనే కాపీ చేస్తారు. ఆ ఉదాహరణలోనే వెరిఫై చేసే నాలుగు లైన్లు ఉంటే, రేపు ఎక్కడో మాక్ టెస్ట్ రాస్తున్న పిల్లాడి స్క్రీన్ తెల్లబోకుండా ఉంటుంది.

మన ఫోన్ రీస్టార్ట్ చేస్తే ఇబ్బంది పడేది మనమొక్కళ్లమే, అదీ ఒక నిమిషం. నోడ్ రీస్టార్ట్ చేస్తే ఇబ్బంది పడేవాళ్లు మనకి కనిపించరు, వాళ్ల పేర్లు కూడా మనకి తెలియవు. అందుకే అక్కడ ఎంటర్ నొక్కే ముందు ఒక్క క్షణం ఎక్కువ ఆగాలి.